సెకండ్ లైన్ బీచ్‌లో అథో బండి: ఆ రుచి, అది ఇక్కడికి చేరిన దారి

ఈ బండికి పేరు లేదు, బోర్డు లేదు. ఫోన్‌లో వెతికితే దొరకదు. చెన్నై బీచ్ స్టేషన్ బయట రాజాజీ సాలై పొడవునా ఉన్న కొట్లే బర్మా బజార్ అని ఊళ్లో అందరికీ తెలుసు. ఫోన్ కవర్లు, చార్జర్లు, సెంటు సీసాలు అమ్మే ఆ వరసకి వెనక వీధి సెకండ్ లైన్ బీచ్. సాయంత్రం నాలుగున్నర దాటాక ఆ వీధిలోకి మళ్లితే ముందు వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తుంది, బళ్లు తర్వాత కనిపిస్తాయి. అక్కడ అథో, అంటే బర్మా పద్ధతిలో చేత్తో కలిపే నూడుల్స్, అమ్మే బళ్లు చాలానే ఉన్నాయి. వాటిల్లో నీలం టార్పాలిన్ కట్టి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తూ ఉంటుందే, ఆ బండి గురించి రాస్తున్నాను. నా ఆఫీసు తంబు చెట్టి వీధిలో, ఓడ సరుకుల కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంట్ దగ్గర. పని ముగించుకుని రైలెక్కే ముందు ఇక్కడ ఆగడం పెళ్లయిన కొత్తల్లోనే అలవాటయింది. అలవాటు చేసింది మా అత్తగారు. ఆవిడ పుట్టింది బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, రంగూన్‌లో.

ముందు తిండి సంగతి. నూడుల్స్ కదా అని చైనీస్ బండి అనుకుని రావద్దు. ఇక్కడ పెనం మీద వేయించడం ఉండదు, సాసులు ఉండవు. ఉడికించి చల్లార్చిన లావుపాటి నూడుల్స్, వెడల్పాటి స్టీలు బేసిన్. బండాయన్ని అందరం అన్నా అనే పిలుస్తాం. అన్న చేతికి తొడుగు వేసుకుని గుప్పెడు నూడుల్స్ బేసిన్‌లో వేస్తాడు. దాని మీద సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, పచ్చి ఉల్లిపాయ. ఆ పైన ఎర్రగా వేగిన ఉల్లి, వెల్లుల్లి, అవి వేగిన నూనె ఒక గరిటె. ఉప్పు, నూనెలో వేయించిన ఎండుమిరప కారం, వేయించిన శనగపిండి, చింతపండు పులుసు, నిమ్మరసం. ఆఖర్న బేజో. అది కరకరలాడే పల్చటి అప్పచ్చి, మన చెక్కలకి దగ్గర బంధువు. దాన్ని గుప్పిట్లో నలిపి పైన చల్లి, అయిదు వేళ్లతో కింద నుంచి పైకి తీస్తూ కలుపుతాడు. పనితనమంతా ఆ కలపడంలోనే ఉంది. గట్టిగా పిసికితే నూడుల్స్ ముద్దయిపోతాయి, పైపైన తిప్పితే పులుసంతా అడుగునే ఉండిపోతుంది. ఈ అన్న చేతిలో ప్రతి పోగుకీ నూనె అంటుతుంది, క్యాబేజీ మాత్రం పచ్చిగా, కరకరలాడుతూనే ఉంటుంది. కలిపాక ఒక పోగు తీసి మన చేతిలో పెట్టి “పులుపు చాలా?” అని అడుగుతాడు. చాలదంటే ఇంకో చెంచా పోస్తాడు. నేను ఎప్పుడూ పోయించుకుంటాను.

పక్కన ఒక గిన్నెలో సూప్ ఇస్తారు. అరటి దూట సన్నగా తరిగి, మిరియాలు, వెల్లుల్లి వేసి, శనగపిండితో కాస్త చిక్కగా మరిగించింది. ఎన్నిసార్లు పోయించుకున్నా డబ్బు అడగరు. వాన రోజున ఆ సూప్ కోసమే వచ్చేవాళ్లున్నారు. గుడ్డు మసాలా వదలొద్దు. ఉడికిన గుడ్డుని మధ్యకి చీల్చి, వేగిన ఉల్లీ వెల్లుల్లీ కూరి, కారం, చింతపండు పులుసు పోసి ఇస్తారు. ముక్కలు చేయకుండా ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. అదే సూప్‌లో నూడుల్స్, బేజో వేసి ఇచ్చేది మొహింగా. చెన్నైలో దొరికే మొహింగా ఎక్కువగా శాకాహారమే. రంగూన్‌లో తెల్లారగానే తినే మొహింగా చేపల పులుసుతో చేస్తారని, అరటి దూట అందులో కూడా పడేదని మా అత్తగారు చెబుతారు. చేప లేని మొహింగాని ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోరు. అథోకి మాత్రం ఒక్క వంక పెట్టరు.

వంకలు పెట్టాల్సినవి నాకు కనిపిస్తాయి. నూడుల్స్‌కి వేసే రంగు ఎక్కువ. అంత నారింజ రంగు అక్కర్లేదు, తిన్నాక వేళ్లకి అంటుకుంటుంది. కూర్చునే చోటు లేదు, రెండు స్టూళ్లుంటే వాటిని పెద్దవాళ్లకే వదిలేయాలి. మోటారు సైకిళ్లు ఒంటికి రాసుకుంటూ పోతాయి. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి. పోయినసారి తిన్నప్పుడు అథో 80 రూపాయలు, గుడ్డు 20. పార్సిల్ తీసుకునేట్టయితే బేజో విడిగా కట్టమనండి, లేకపోతే ఇంటికెళ్లేసరికి మెత్తబడుతుంది.

ఇక ఆ కుర్చీలో కూర్చునే ముసలావిడ. అన్నకి తల్లి. వాళ్లది తమిళ కుటుంబం. మా అత్తగారు వచ్చిన రోజున ఈవిడ వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టేసి స్టూలు జరిపి కూర్చోబెడుతుంది. ఇద్దరూ బర్మా భాషలో మాట్లాడుకుంటారు. ఒకావిడ ఇంట్లో తమిళం, ఇంకొకావిడ ఇంట్లో తెలుగు, ఇద్దరికీ కలిసిన భాష చిన్నప్పటి బళ్లో నేర్చుకున్నది. ఆ మాటలు నాకు ఒక్క ముక్క అర్థం కావు. కానీ 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం మళ్లీ అధికారం లాక్కున్న తర్వాత ఆ మాటల్లో నవ్వు బాగా తగ్గిందని మాత్రం తెలుస్తుంది. ఎందుకంటే ఆ పెద్దావిడ తమ్ముడి కుటుంబం ఇంకా బర్మాలోనే, మోల్మెయిన్ ఊళ్లో ఉంది.

ఈ తిండి ఈ వీధికి ఎలా వచ్చిందో తెలియకుండా తినేసి వెళ్లిపోవచ్చు, చాలామంది అలాగే వెళ్తారు. నాకు అది చెప్పకుండా ఈ బండి గురించి రాయాలనిపించలేదు.

మన వాళ్లు రంగూన్‌ని రంగం అనేవాళ్లు. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి వెళ్లేవాళ్లు. అక్కడ తెలుగువాళ్లకి కోరంగీలన్న పేరే స్థిరపడింది. రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, ధాన్యం మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా వాళ్లే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ల చోట బర్మా వాళ్లని పెట్టుకుని, సమ్మె ముగిశాక ఆ బర్మా వాళ్లని పంపేశారు. దాని మీద రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అడవుల్లో పడి నడిచి అస్సాం చేరారు, దారిలోనే వేలమంది పోయారు. మా అత్తగారి తాతగారు అప్పుడు కదల్లేదు. చిన్న సరుకుల కొట్టు పెట్టుకుని ఉండిపోయారు. ఆ కొట్టు కొడుకు చేతికొచ్చింది.

1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం పట్టుకున్నాడు. 1963లో బ్యాంకులు, 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు. అదే ఏడాది మే 17న 50, 100 చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. మా అత్తగారికి అప్పుడు పదేళ్లు. సైనికులు ఒక జాబితా పట్టుకుని వచ్చి తాళాలు తీసుకున్నారని, నాన్నగారి పేరున్న బోర్డు తీసి ప్రజల దుకాణం అని నంబరు రాసిన బోర్డు పెట్టారని చెబుతారు. చేతికిచ్చింది బర్మా అక్షరాల్లో ఒక రసీదు. అది ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో, ఆవిడ పెళ్లి చీర మడతల్లో ఉంది. ఓడెక్కేటప్పుడు ఎవరెంత డబ్బు, ఎంత బంగారం పట్టుకెళ్లవచ్చో హద్దు పెట్టారు. రేవులో తనిఖీ దగ్గర వాళ్లమ్మ చెవి కమ్మలు తీయించేశారు. ముక్కుపుడక బిగుసుకుపోయి ఊడి రాలేదు కాబట్టి ఉండిపోయింది. 1965లో మద్రాసు రేవులో దిగేసరికి ఆ ఇంటి బంగారమంతా ఆ ముక్కుపుడకే.

అలా దాదాపు మూడు లక్షలమంది భారత సంతతివాళ్లు బర్మా వదిలి వచ్చారు. కొందరు విశాఖలో దిగారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అన్న పేరు అలా వచ్చిందే. చాలామంది మద్రాసులో దిగి వ్యాసర్‌పాడి, ఎన్నూరు, రెడ్ హిల్స్ వైపు స్థిరపడ్డారు. 1969లో తమిళనాడు ప్రభుత్వం వాళ్ల బతుకుతెరువు కోసం బీచ్ రోడ్డు పక్కన కొట్లు ఇచ్చింది. అదే బర్మా బజార్. ఆ బజారు పక్కన ఆకలేసినవాళ్లకి అథో కలిపి పెట్టినవాళ్ల మనవలే ఈ బళ్లవాళ్లు.

అప్పుడు ఢిల్లీ ఏం చేసింది? చేసింది చెప్పాలి. ఓడలు ఏర్పాటు చేసింది, విమానాలు నడిపింది, దిగినవాళ్లకి క్యాంపులు పెట్టింది, ఇళ్లకి, చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చింది. 1964 సెప్టెంబరులో విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ స్వయంగా రంగూన్ వెళ్లి మాట్లాడారు. కానీ బయటికి చెప్పిన మాట మాత్రం ఒకటే: జాతీయం చేయడం ఆ దేశపు సొంత నిర్ణయం, అది అందరికీ వర్తించే చట్టం, భారతీయుల్నే ఏరి చేసింది కాదు. పరిహారం అడిగారు, అది చాలామందికి అందనే లేదు. ఆ రోజుల్లో ఢిల్లీలో బర్మా రాయబారి ఎవరో తెలుసా? డా ఖిన్ చీ, తర్వాత అక్కడి ప్రజాస్వామ్య ఉద్యమానికి నాయకురాలైన ఆంగ్ సాన్ సూచీ తల్లి. 1960 నుంచి 1967 దాకా ఆవిడే. కూతురు లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుకుని 1964లోనే డిగ్రీ తీసుకుంది. ఇక్కడ మద్రాసు రేవులో మా అత్తగారి లాంటి పిల్లలు ఓడలు దిగుతుంటే, అక్కడ ఢిల్లీలో రెండు దేశాల స్నేహం గురించి విందుల్లో మాట్లాడుకుంటున్నారు. తప్పు సూచీది కాదు, ఆ తల్లిది కూడా కాదు. రెండు ప్రభుత్వాలూ మర్యాదగానే మాట్లాడుకున్నాయి, నష్టపోయినవాళ్ల పక్కన నిలబడి గట్టిగా ఒక్క మాట అన్నవాళ్లు మాత్రం లేరు. నా బాధంతా అదే.

మన దేశం ఎప్పుడూ నోరు విప్పలేదని కాదు. 1988లో అక్కడ విద్యార్థుల మీద కాల్పులు జరిగినప్పుడు రాజీవ్ గాంధీ ప్రభుత్వం బాహాటంగా ప్రజాస్వామ్యం వైపు నిలబడింది. పారిపోయి వచ్చినవాళ్లకి సరిహద్దులో చోటిచ్చింది. ఆకాశవాణి బర్మా భాషా ప్రసారాలు ఆ ఉద్యమం మాటల్ని అక్కడి ఇళ్లలోకి చేర్చాయి. వాటిల్లో బర్మా మాజీ ప్రధాని ఊ నూ కూతురు కూడా పనిచేసింది. తర్వాత మన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు దారి మారింది. తూర్పు దేశాలతో వ్యాపారం కావాలి, ఈశాన్యంలో తీవ్రవాదుల శిబిరాలు అవతలి అడవుల్లో ఉన్నాయి, చైనా అప్పటికే అక్కడ పాగా వేస్తోంది. 1993లో విదేశాంగ కార్యదర్శి దీక్షిత్ రంగూన్ వెళ్లారు, 1994 జనవరిలో సరిహద్దు వ్యాపార ఒప్పందం కుదిరింది. ఆ పీవీ ప్రభుత్వమే 1995లో సూచీకి నెహ్రూ పురస్కారం ప్రకటించింది. అప్పటికి ఆమె గృహనిర్బంధంలో ఉంది. అక్కడి సైన్యానికి కోపం వచ్చింది. అయినా ఇచ్చారు. అంటే పని జరుపుకుంటూనే మాట కూడా అనవచ్చని ఒక తెలుగు ప్రధాని చేసి చూపించారు. అందుకే నాకు ఇప్పటి మౌనం ఒప్పదు.

2021 ఫిబ్రవరి 1న బర్మా సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. మార్చి 27న సైనిక దినోత్సవం చేసుకుంది. అదే రోజు వీధుల్లో వందమందికి పైగా జనాన్ని చంపింది. ఆ కవాతుకి ప్రతినిధుల్ని పంపిన ఎనిమిది దేశాల్లో మన దేశం ఒకటి. జూన్ 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఆ దేశానికి ఆయుధాలు వెళ్లకుండా చూడాలని, నిర్బంధించినవాళ్లని వదలాలని తీర్మానం పెడితే 119 దేశాలు ఔనన్నాయి, బెలారస్ కాదంది, 36 దేశాలు ఓటు వేయలేదు. ఆ 36లో మనం. మా అభిప్రాయాలు ముసాయిదాలో లేవని మన ప్రతినిధి చెప్పారు. 2022 డిసెంబరు 21న భద్రతా మండలిలో హింస ఆపాలని, సూచీతో సహా రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలని తీర్మానం వచ్చింది. ఆ నెల మండలికి అధ్యక్షత మనదే. 12 ఓట్లతో అది నెగ్గింది. ఓటు వేయకుండా కూర్చున్నవి మూడు: చైనా, రష్యా, భారత్. ఇలాంటి చోట ఓపికతో, చప్పుడు లేకుండా చేసే దౌత్యమే పనికొస్తుందని మన వాదన.

ఈ బండి దగ్గర ఈ వాదన నేను ప్రతిసారీ వింటాను. కస్టమ్స్‌లో రిటైరైన ఒక తెలుగాయన రోజూ వస్తారు, నేను బాబాయ్ గారూ అంటాను. ఆయన అథో తినరు, రెండు గిన్నెల సూప్ తాగుతారు.

“చూడమ్మా, 1643 కిలోమీటర్ల సరిహద్దు మనది. 88లో మనం గట్టిగా మాట్లాడాం. ఏమైంది? వాళ్లు చైనా ఒళ్లో కూర్చున్నారు. మాట వల్ల మనకి పోయేదే గానీ వాళ్లకి వచ్చేది లేదు” అన్నారు ఒకసారి.

“ఇప్పుడు మాట్లాడకుండా ఉన్నాం కదా బాబాయ్ గారూ, చైనా వెళ్లిపోయిందా?” అన్నాను.

“వెళ్లలేదు. కానీ మన ఓడరేవు నిలబడింది” అన్నారు.

ఆయన చెప్పింది బర్మాలోని సిట్వే రేవు. కలదాన్ పథకం కింద మన డబ్బుతో కట్టింది, 2023 మేలో కోల్‌కతా నుంచి మొదటి సరుకు ఓడ వెళ్లింది. అక్కణ్ణుంచి నది మీదుగా, రోడ్డు మీదుగా మిజోరంకి దారి వేయాలన్నది ఆలోచన. ఆ దారి పొడవునా ఇప్పుడు యుద్ధం. ఆ ప్రాంతంలో చాలా భాగం సైన్యం చేతిలో లేదు, ఆ సైన్యంతో పోరాడే అరకాన్ ఆర్మీ చేతిలో ఉంది. సైన్యానికి కోపం రాకూడదని మనం మాట దాచుకుంటే, ఆ సైన్యం మన దారికే కాపలా కాయలేకపోయింది. ఓడ సరుకుల పని చేసేదాన్ని కాబట్టి ఇది నాకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. దారి తెరిచి ఉంటే కదా బిల్లు రాసేది.

సాయం విషయంలో మాత్రం మన ప్రభుత్వానికి నేను మనసారా దణ్ణం పెడతాను. 2025 మార్చిలో థాయ్ సరిహద్దు మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో 549 మందిని తీసుకొచ్చారు. సరిహద్దుకి అవతల, బర్మాలోని మయవడి దగ్గర సైబర్ మోసాల కేంద్రాల్లో బందీలైన పిల్లలు వాళ్లు. డేటా ఎంట్రీ ఉద్యోగమని, థాయ్‌లాండ్‌లో జీతమని చెప్పి నది దాటించి, పాస్‌పోర్టులు లాక్కుని, మోసం చేయనంటే కొట్టి, కరెంటు షాకులు ఇచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. అదే నెల 28న పెద్ద భూకంపం వస్తే ఆపరేషన్ బ్రహ్మ పేరుతో అందరికంటే ముందు వెళ్లినవాళ్లలో మనం ఉన్నాం. నౌకల్లో మందులు, ఆహారం పంపారు, మాండలేలో ఆసుపత్రి నడిపారు. అన్న ఆ వారం బండి మీద ఒక డబ్బా పెట్టాడు. ఆటోవాళ్లు, లోడింగ్ కూలీలు కూడా అందులో నోట్లు వేశారు.

1964లోనూ ఓడలు పంపాం, 2025లోనూ పంపాం. అందులో లోటేమీ లేదు. కానీ సాయం ఎవరికి కావాల్సి వచ్చిందో చెబుతున్నాం, ఎవరి వల్ల కావాల్సి వచ్చిందో చెప్పడం లేదు. ఆ సైబర్ కేంద్రాలు నడిచింది అక్కడి సైన్యానికి దోస్తులైన సరిహద్దు దళాల నీడలోనే. 2017లో రాఖైన్ నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు ఇళ్లు కాలిపోయి బంగ్లాదేశ్‌కి పరిగెత్తినప్పుడు కూడా మనం బంగ్లాదేశ్‌కి బియ్యం, పప్పు పంపాం, తరిమినవాళ్ల పేరు ఎత్తలేదు.

ఇంతకీ ఈ కుర్చీలో కూర్చునే పెద్దావిడకి కావాల్సింది ఐక్యరాజ్యసమితిలో ఓటు ఒక్కటే కాదు. 2024 ఫిబ్రవరిలో అక్కడి సైన్యం నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లో పెట్టింది. 18 నుంచి 35 ఏళ్ల మగపిల్లల్ని పట్టుకుపోవచ్చు. ఆవిడ తమ్ముడి మనవడికి ఇరవై మూడేళ్లు. రాత్రికి రాత్రి థాయ్‌లాండ్‌కి పారిపోయాడు. అక్కడ కాగితాలు లేకుండా ఒక చేపల ఫ్యాక్టరీలో దాక్కుని పనిచేస్తున్నాడు. మద్రాసుకి రమ్మందాం అని మా అత్తగారు అన్నారట. ఎలా వస్తాడు? 1965లో వచ్చినవాళ్లకి పునరావాసం పొందేవాళ్లన్న గుర్తింపు ఉంది, ఒక కార్డు ఉంది, నాలుగేళ్ల తర్వాత ఒక కొట్టు వచ్చింది. ఇప్పుడు కాగితాలు లేకుండా వచ్చేవాడు ఎవడైనా మన చట్టం దృష్టిలో అక్రమంగా వచ్చిన విదేశీయుడే. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు, శరణార్థుల కోసం సొంత చట్టం కూడా లేదు. 2021 మార్చిలో కేంద్ర హోం శాఖ సరిహద్దు రాష్ట్రాలకి రానివ్వొద్దని రాసింది. అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరాంథంగా తిరిగి ప్రధానికి ఉత్తరం రాశారు, వీళ్లు మా రక్తసంబంధీకులు, చూస్తూ ఊరుకోలేమని. మిజోరం జనం చర్చిల్లో, బళ్లలో, తమ ఇళ్లలో 30 వేల మందికి పైగా చోటిచ్చారు. ఆ చిన్న రాష్ట్రం చేసిన పని మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. 2024లో ఆ సరిహద్దులో జనం పాత కాలం నుంచీ అటూ ఇటూ తిరిగే వెసులుబాటు ఎత్తేస్తామని, కంచె వేస్తామని కేంద్రం ప్రకటించింది.

భద్రత ముఖ్యం కాదని నేననను. మాదకద్రవ్యాలు వస్తాయి, తుపాకులు వస్తాయి, మణిపూర్ మండుతోంది. కానీ తుపాకీ పట్టుకొచ్చేవాడినీ, తుపాకీ పట్టనని పారిపోయి వచ్చేవాడినీ ఒకే పేరుతో పిలిచే చట్టం ఉంటే, సరిహద్దులో నిలబడ్డ అధికారి మాత్రం ఏం చేయగలడు? విడదీసి చూడమని అతనికి ఒక పద్ధతి రాసివ్వాలి. అది రాయాల్సింది పార్లమెంటు.

ఈ మాట విన్నాక బాబాయ్ గారు చాలాసేపు ఏమీ అనలేదు. మూడో గిన్నె సూప్ తీసుకుని, “ఐక్యరాజ్యసమితి సంగతి నీతో ఒప్పుకోనమ్మా. ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఉత్తరం నేను రాస్తాను, డ్రాఫ్టింగ్ నాకు అలవాటే” అన్నారు. అన్నట్టే రాశారు. మా ఎంపీకి, తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. శరణార్థుల కోసం చట్టం తెచ్చే ఉద్దేశం ఉందా అని సభలో ప్రశ్న వేయమన్నారు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల రక్తసంబంధీకులకైనా ముందు తాత్కాలిక వీసా ఇవ్వమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా నా కోసం మూడో వాక్యం కూడా చేర్చారు: మళ్లీ తీర్మానం వస్తే మన దేశం ఔనని ఓటు వేయాలి.

సంతకాల కాగితం బండి మీద, గుడ్ల ట్రే పక్కన, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. మొదటి సంతకం మా అత్తగారిది, తెలుగులో. రెండోది పెద్దావిడది, బర్మా అక్షరాల్లో. ఆదివారం బండి ఉండదు. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకి కట్టేస్తారు, గుడ్లు మాత్రం ఎనిమిదికే అయిపోతాయి. తినడానికి వస్తే సంతకం కూడా పెట్టి వెళ్లండి.